కంపెనీ పెట్టించిన ఆర్వో ప్లాంటు రివ్యూ: నీళ్ళకు ఐదుకు నాలుగు, ఒప్పందానికి ఒకటి

తాడిపత్రి నుంచి కొలిమిగుండ్ల పోయే వైపు, సున్నపురాయి గనుల పక్కన ఉంటుంది మా ఊరు. ఊరి పేరు గానీ, ప్లాంటు పెట్టించిన గని కంపెనీ పేరు గానీ రాయడం లేదు. ప్లాంటు దగ్గర పనిచేసే తమ్ముడికి జీతం ఎవరివ్వాలన్నది ఇంకా తేలనేలేదు, నేను రాసినదాని వల్ల వాడికి కొత్త తలనొప్పి రాకూడదు. ఫోన్లకు రాస్తాం, హోటళ్ళకు రాస్తాం, రోజూ పొద్దున్నే బిందె పట్టుకుని పోయే చోటు గురించి మాత్రం ఎవరూ రాయరు. ఇప్పుడు గని విస్తరణకు మళ్ళీ ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందని మాట వినిపిస్తోంది. ఈసారి కూడా ఊరికొక ఆర్వో ప్లాంటు అంటారు, జనం చప్పట్లు కొడతారు. అంతకు ముందే, ఇప్పటికే ఉన్న ప్లాంటు ఎలా నడుస్తోందో చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు తెలియాలని రాస్తున్నా.

ముందు నీళ్ళ సంగతి. నీళ్ళు బాగున్నాయి, అందులో రెండో మాట లేదు. మా బోరు నీళ్ళు తాగినవాళ్ళకే ఆ తేడా తెలుస్తుంది. సున్నపురాయి నేల కాబట్టి నీళ్ళు గట్టివి, సబ్బు నురగ రాదు, కొత్త స్టీలు గిన్నె నెల తిరక్కముందే లోపల తెల్లగా పొర కడుతుంది. అన్నిటికన్నా పెద్ద బాధ పప్పు. కందిపప్పు కుక్కర్లో ఎన్ని విజిల్స్ వేసినా బద్ద బద్దగానే ఉంటుంది, ఎనిపినా కలవదు. ప్లాంటు వచ్చిన కొత్తల్లో మా వీధి అవ్వ ఒకామె ఆ నీళ్ళతో పప్పు వండి, గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చి మా అమ్మకు చూపించింది. "చూడుమ్మా, ఎట్ల ఉడికిందో. ఇన్నేండ్లూ పప్పుదే తప్పనుకుంటి" అని. ఆ రోజు నుంచి ఆమె తాగడానికీ వంటకూ వేరే నీళ్ళు ముట్టదు. ప్లాంటు గురించి ఎవరైనా చులకనగా మాట్లాడితే నాకు ఆ అవ్వే గుర్తొస్తుంది, కాబట్టి కింద ఎన్ని లోపాలు రాసినా ఈ ప్లాంటు అక్కర్లేదని మాత్రం అనను.

టీడీఎస్ మీటరు పెట్టి చూశాను, నీళ్ళలో కరిగిన ఉప్పులూ ఖనిజాలూ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అది చూపిస్తుంది. బోరు నీళ్ళు వెయ్యి దాటి చూపించాయి, ప్లాంటు నీళ్ళు వందలోపే. కేంద్ర ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్క ప్రకారం తాగునీటికి టీడీఎస్ 500 వరకు మంచిది, వేరే దారి లేకపోతే 2000 వరకు ఓర్చుకోవచ్చు. కొందరికి ఈ నీళ్ళు చప్పగా అనిపిస్తాయి, మా నాన్న అయితే "దాహం తీరదురా వీటితో" అంటాడు. అది అలవాటు మీద ఆధారపడేది. కానీ ఒక విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. అనంతపురం జిల్లాలో మనకు అసలు భయం ఫ్లోరైడ్‌తోనే, పళ్ళ మీద పసుపు మచ్చలున్న పిల్లలు, మోకాళ్ళు వంగని పెద్దలు ఉన్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. దానికి హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, మరీ తప్పనిచోట 1.5. అది తెలియాలంటే నీళ్ళ శాంపిల్ గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కు పంపాల్సిందే. కొన్ని ప్లాంట్లలో రుచి కోసమని బోరు నీళ్ళు కొంచెం కలిపి వదులుతారు. ఫ్లోరైడ్ ఉన్న చోట ఆ పని చేస్తే ప్లాంటు పెట్టిన ప్రయోజనమే పోతుంది. మా ప్లాంటులో కలపడం లేదు, ఆపరేటర్ తమ్ముడు వాల్వు చూపించి మరీ చెప్పాడు. కానీ ల్యాబ్ రిపోర్టు గోడ మీద ఎక్కడా లేదు. కంపెనీ పేరున్న బోర్డు మాత్రం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. ఆ బోర్డు పక్కనే మూడు నెలలకొకసారి రిపోర్టు అంటించమని అడిగితే "చెప్తామన్నా" అన్నాడు, పాపం వాడు మాత్రం ఎవరికి చెప్తాడు.

ధర 20 లీటర్లకు 5 రూపాయలు, కాయిన్ వేస్తే వస్తాయి. 2014 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలుపెట్టినప్పుడు 20 లీటర్లు 2 రూపాయలకే ఇస్తామన్నారు కాబట్టి, మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ 2 రూపాయలే పట్టుకుని గొడవ పెడతారు. నా మటుకు 5 రూపాయలు న్యాయమే, ఆ డబ్బు ఎక్కడికి పోతోందో లెక్క చెప్తే. ఆటోలో క్యాన్లు తెచ్చి అమ్మేవాళ్ళ ధరతో చూస్తే ఇది చాలా తక్కువ. కాయిన్ మిషన్ అప్పుడప్పుడు నాణెం మింగేసి ఊరుకుంటుంది, అప్పుడు తమ్ముడు తాళం తీసి చేత్తో వాల్వు తిప్పి పడతాడు, కాబట్టి వాడు లేని టైములో పోవద్దు. కూలీకి పోయే ఆడవాళ్ళకు పొద్దున ఆరుకల్లా తెరవడం చాలా మేలు. తాగునీళ్ళు పట్టే చోటే కాళ్ళూ చేతులూ కడుక్కుంటారు, ఆ బురద మీద జారి పడినవాళ్ళున్నారు. ఒక బండ వేయిస్తే సరిపోయే పని. బండలకు పేరుపడ్డ తాడిపత్రి పక్కన ఉండి బండ లేక జారి పడుతున్నాం.

ఇప్పుడు అసలు విషయం. పోయిన ఎండాకాలం, సరిగ్గా నీళ్ళకు ఎక్కువ కటకట ఉన్నప్పుడే, ప్లాంటు మూతపడింది. ఒక్కరోజులో జరిగింది కాదు. మిషన్ ముందు భాగంలో రోటామీటర్ ఉంటుంది, నిలువు గాజు గొట్టంలో చిన్న బిళ్ళ పైకి లేచి నీళ్ళు ఎంత వేగంగా వస్తున్నాయో చూపిస్తుంది. ఆ బిళ్ళ వారం వారం కిందికి దిగుతుంటే తమ్ముడు ఫోన్లో ఫోటోలు తీసి పంపించాడు, పంచాయతీకీ, కంపెనీలో సీఎస్ఆర్, అంటే లాభంలోంచి జనానికి చేసే పనులు, చూసే సార్‌కూ. కారణం వాడికి బాగా తెలుసు. మా నీళ్ళలో సున్నం ఎక్కువ, అది నీళ్ళను వడగట్టే మెంబ్రేన్ మీద పొరగా పేరుకోకుండా ఉండాలంటే యాంటీస్కేలెంట్ అనే మందు చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉండాలి. ఆ డబ్బా అయిపోయింది. కొత్తది ఎవరు కొనాలన్న దగ్గర ఆగిపోయింది. పంచాయతీ వాళ్ళు "ప్లాంటు కంపెనీది" అన్నారు, కంపెనీ వాళ్ళు "మేం కట్టి పంచాయతీకి అప్పజెప్పేశాం" అన్నారు, ఇద్దరూ తమ వైపు నుంచి అబద్ధం చెప్పలేదు. ఇంతలో మెంబ్రేన్లు గట్టిపడిపోయాయి, మందుతో పోయేదానికి మెంబ్రేన్లే మార్చాల్సి వచ్చింది. వందల్లో తీరే ఖర్చు వేలల్లోకి పోయింది. ఆ నడుమంతా అవ్వ మళ్ళీ బోరు నీళ్ళతోనే పప్పు వండుకుంది, కొనగలిగినవాళ్ళు ఆటో క్యాన్లు కొన్నారు.

చివరికి ఎలా బాగైంది అంటారా, ఊళ్ళో ఒక పెళ్ళి ఉంది, ఆ పెళ్ళివాళ్ళు, ఇంకొందరు కలిసి చందా వేసుకుని కొంత, సర్పంచ్ గారు తిరిగి తిరిగి కంపెనీ దగ్గర కొంత, అలా నడిచింది. ఆయన తిరిగిన తిరుగుడు నేను కళ్ళారా చూశాను, ఆయన్ని తప్పు పట్టను. కానీ వేల టన్నుల రాయి లారీలెక్కి పోయే ఊళ్ళో తాగునీళ్ళ మెంబ్రేన్ పెళ్ళి చందాతో మారడం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

అందుకే కాగితం ఎక్కడుందో వెతికాను. ఈ ప్లాంటు మాట మొదట వచ్చింది ప్రజాభిప్రాయ సేకరణలో. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతికి ముందు, పెద్ద గనులకు ఇది జరగాలి. కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మెజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, మొత్తం వీడియో తీయాలి. ఇంతమంది వస్తేనే చెల్లుతుందన్న లెక్క లేదు. చివరన, ఎవరేం అడిగారు, కంపెనీ ఏం జవాబిచ్చింది అన్నది స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలి, అధికారి అదే రోజు సంతకం పెట్టాలి. చాలామందికి ఈ చివరి సంగతే తెలియదు. భోజనాల టైముకు జనం లేచిపోతారు. ఆ చదివేది వినేవాళ్ళు పది మంది కూడా ఉండరు, మనకు పనికొచ్చేది మాత్రం అప్పుడే మొదలవుతుంది.

మా ఊరి మినిట్స్, అంటే ఆ సేకరణలో జరిగిన మాటల రికార్డు, కేంద్రం పర్యావరణ అనుమతుల వెబ్‌సైట్ పరివేష్‌లో దొరికాయి. ఆ రోజు మైకు ముందు మా వాళ్ళు బాగా మాట్లాడారు, బ్లాస్టింగ్‌కు గోడలు బీటలు వారడం, శనగ చేను మీద దుమ్ము, ఉద్యోగాలు, నీళ్ళు, అన్నీ అడిగారు. నీళ్ళ దగ్గర కంపెనీ జవాబు ఒక్క వాక్యం: చుట్టుపక్కల గ్రామాల్లో ఆర్వో ప్లాంటు ఏర్పాటు చేస్తామని. అంతే. ఎన్నేళ్ళు నడుపుతారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, మెంబ్రేన్ ఎవరు మారుస్తారు, ఆపరేటర్ జీతం ఎంత, ఆగిపోతే ఎన్ని గంటల్లో ట్యాంకరు పంపాలి, ఒక్కటీ లేదు. ఏర్పాటు చేస్తామన్నారు, చేశారు. మాట నిలబెట్టుకున్నట్టే. నేను ఐదుకు ఒకటి వేసింది ఆ ఒక్క వాక్యానికి. కట్టించినవాళ్ళకు గానీ, నడిపే తమ్ముడికి గానీ వేసింది కాదు.

ఈ వాక్యం ఎంత ముఖ్యమో ఇంకో మాట చెప్తాను. 2020 సెప్టెంబరు 30న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణలో కంపెనీ ఒప్పుకున్న పనులను పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో చేర్చి, అనుమతిలో షరతులుగా పెట్టాలని దాని సారాంశం. అంటే అక్కడ ఒప్పుకున్నది కంపెనీ దయ మీద చేసే సీఎస్ఆర్ కాదు. సీఎస్ఆర్ వేరే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, ఎక్కడ పెట్టాలో బోర్డు నిర్ణయించుకుంటుంది. అది మనకే రావాలని ఎక్కడా లేదు, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని మాత్రమే ఉంది. అనుమతిలో షరతుగా ఎక్కినది అలా కాదు, దాన్ని పాటిస్తున్నామని ప్రతి జూన్ 1, డిసెంబరు 1 నాటికి కంపెనీ రిపోర్టు పెట్టాలి, ఆ రిపోర్టు ఎవరైనా చూడొచ్చు. మన మాట ఆ షరతుల్లోకి ఎక్కిందా, ఎక్కితే ఎంత వివరంగా ఎక్కింది, చూసుకోవాల్సింది అదే.

ఇక డబ్బు గురించి. "అంత డబ్బు యాడిది" అని మాట్లాడేవాళ్ళ కోసం ఈ లెక్క. 2014 సవరణ ప్రకారం మామూలు సున్నపురాయికి టన్నుకు 80 రూపాయలు రాయల్టీ, అంటే ఖనిజం తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టేది. 2015లో గనుల చట్టం మార్చినప్పుడు గనుల ప్రభావం ఉన్న ప్రతి జిల్లాలో ఖనిజ నిధి, అదే డీఎంఎఫ్, పెట్టాలన్నారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం దానికి కట్టాలి. అంటే పాత లీజు గని నుంచి 30 టన్నుల టిప్పర్ ఒకటి మా ఊరి ముందు నుంచి పోతే రాయల్టీ 2,400, డీఎంఎఫ్‌కు 720 రూపాయలు. అదే వేలంలో వచ్చిన లీజైతే 240. సిమెంటుకు ముందు తయారయ్యే క్లింకర్ టన్ను కావాలంటే సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి, కాబట్టి ఒక ఫ్యాక్టరీకి రోజూ ఎన్ని టిప్పర్లు తిరుగుతాయో మీరే ఊహించుకోండి. ఒక్క రోజు టిప్పర్ల డబ్బులోంచి ఎంత తీస్తే మా ప్లాంటుకు ఏడాది మందు, మెంబ్రేన్లు వస్తాయో కూడా లెక్క వేసుకోవచ్చు. ఆ నిధిలో పెద్ద భాగం, మొదట 60 శాతం, 2024లో మార్చిన మార్గదర్శకాల్లో 70 శాతం, తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి వాటికే పెట్టాలని కేంద్రం నియమం. మొదటి పేరే తాగునీరు. అయినా మా ఊళ్ళో మెంబ్రేన్‌కు చందా.

పాత లీజు, కొత్త లీజు తేడా ఎందుకంటే, వేలంలో గెలిచిన కంపెనీ ఖనిజం విలువలో ఇంత శాతమని రాష్ట్రానికి ప్రీమియం విడిగా కడుతుంది. రాష్ట్ర ఖజానాకు అది మంచిదే. గని పక్క ఊరి లెక్కలో మాత్రం టిప్పర్‌కు 720 పోయి 240 అవుతుంది. పైగా సొంత ఫ్యాక్టరీ కోసం తీసుకున్న పాత లీజుల గడువు 2030 మార్చి 31, లేదా రెన్యువల్ గడువు, లేదా లీజిచ్చిన నాటి నుంచి 50 ఏళ్ళు, ఏది తర్వాత వస్తే అది. అంటే కొన్ని గనుల విషయంలో ప్రభుత్వం, కంపెనీ మళ్ళీ కూర్చుని మాట్లాడుకునే రోజు దగ్గరికొచ్చేసింది. ఆ టేబుల్ దగ్గర మన ఊరి సర్పంచ్‌కు కుర్చీ ఉండదు. మనకు కుర్చీ ఉండేది ప్రజాభిప్రాయ సేకరణ షామియానా కిందే, అందుకే దాన్ని తేలిగ్గా వదులుకోకూడదని ఇంత చెప్తున్నా.

పెద్ద ఒప్పందాల సంగతి మన సీమవాళ్ళకు చెప్పాలా. కడప ఉక్కు చూడండి. 2007లో జమ్మలమడుగు దగ్గర బ్రాహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన. 2014 విభజన చట్టంలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమో కాదో కేంద్ర ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో చూడాలని రాశారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర ఒక శిలాఫలకం, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లెలో ఇంకొకటి, దానికి ముందే కేంద్ర గనుల సంస్థ ఎన్ఎండీసీతో ఇనుప ఖనిజం ఒప్పందం, 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్ళపల్లెలో జేఎస్‌డబ్ల్యూతో మళ్ళీ భూమిపూజ. ప్రభుత్వాలు మారాయి, కంపెనీలు మారాయి, ప్రతిసారీ భూమి, నీళ్ళు, కరెంటు, రోడ్డు ప్రభుత్వం ఇస్తుందన్నారు, ఉద్యోగాలు కంపెనీ ఇస్తుందన్నారు. ఆ చుట్టుపక్కల చదువుకున్న పిల్లలు ఒక్కో శంకుస్థాపనకూ ఒక్కోసారి ఆశపడి చివరికి బెంగళూరు బస్సెక్కారు. నాకు ఆ పిల్లల మీద ఉన్నంత బాధ ఇంకెవరి మీదా లేదు. ఒప్పందంలో ఫలానా తేదీకి ఫలానా పని కాకపోతే ఏమవుతుంది అన్న మాట జనానికి కనిపించేలా ఉండాలి. ఉక్కు ఫ్యాక్టరీకైనా ఆర్వో ప్లాంటుకైనా అడగాల్సింది అదే ప్రశ్న.

నడిపే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకుంటే ఎలా ఉంటుందో కూడా మన జిల్లాలోనే చూశాం. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్ళకు తాగునీళ్ళ పైపులు వేసింది. కట్టింది ట్రస్టు, తర్వాత ప్రభుత్వం తీసుకుంది. దాంట్లోనూ సిబ్బంది జీతాలు ఆలస్యమై, సమ్మెలై, నీళ్ళు ఆగిన రోజులున్నాయి. కానీ నీళ్ళు ఆగితే ఎవరి ఆఫీసు ముందు కూర్చోవాలో ఆ ఊళ్ళవాళ్ళకు తెలుసు. మా ప్లాంటు ఆగినప్పుడు బిందెలు ఎక్కడ పెట్టి కూర్చోవాలో కూడా మాకు తెలియలేదు.

ఇంకో లోపం చెప్పాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆర్వోలో పోసిన నీళ్ళన్నీ మంచినీళ్ళుగా రావు, సుమారు సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, రిజెక్టుగా బయటికి పోతాయి. మా ప్లాంటు వెనక ఆ గొట్టం ఒక కాలువలోకి, కాలువ ఒక గుంటలోకి పోతుంది. మధ్యాహ్నం ఎండకు బర్రెలు వచ్చి అందులోనే తాగుతాయి. బోరులో ఉన్న ఉప్పు, ఫ్లోరైడ్ అన్నీ ఆ నీళ్ళలో ఇంకా చిక్కగా చేరి ఉంటాయి. గుంట అంచున తెల్లగా ఉప్పు పేరుకుని గీత గీసినట్టు కనిపిస్తుంది, వేలితో గీకితే పెచ్చులుగా ఊడొస్తుంది. ఆ గుంటకు కంచె వేయాలి, లేదంటే ఆ నీళ్ళకు వేరే దారి చూడాలి. గని రోడ్డు మీద దుమ్ము లేవకుండా కంపెనీ ట్యాంకరు రోజూ నీళ్ళు చల్లుతుంది కదా. ఆ ట్యాంకరు పొద్దున ఒకసారి వచ్చి ఈ రిజెక్టు నీళ్ళు నింపుకుని పోతే బర్రెలూ బతుకుతాయి, కంపెనీకి ఆ మేరకు మంచి నీళ్ళూ మిగులుతాయి. సూపర్‌వైజర్ ఒకాయనతో అన్నాను, "మంచి ఐడియానే అన్నా, పైన చెప్తా" అన్నాడు. నమ్ముతున్నా, కానీ దీన్ని కూడా రాసే ఇస్తాం.

సరే, పక్క ఊళ్ళలో షామియానా వేసేలోపు ఏం చేయాలంటే. ప్రాజెక్టు గురించి తెలుగులో సంక్షిప్త నివేదిక కలెక్టరేట్‌లో, పంచాయతీలో చూడ్డానికి పెట్టాలి, ముందు అది తీసుకుని చదవండి, అందులో మీ ఊరి పేరు, గనికి మీ ఊరు ఎంత దూరమో సరిగ్గా ఉందో లేదో చూడండి. డీఎంఎఫ్ కొత్త మార్గదర్శకాల్లో గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్ళను నేరుగా ప్రభావితమైనవిగా లెక్కేస్తారు, కాబట్టి ఆ దూరం మాట ఊరికే వదలొద్దు. మైకులో కోపంగా మాట్లాడటం తప్పు కాదు, ఎన్నో ఏళ్ళ బాధ ఉంటుంది, కానీ మాట్లాడినవాళ్ళందరూ అదే మాట కాగితం మీద కూడా ఇవ్వాలి. నీళ్ళ గురించి మేం ఈసారి రాసి పెట్టుకున్నది ఇది: లీజు ఉన్నంతకాలం ప్లాంటు నడిపే ఖర్చు కంపెనీది. యాంటీస్కేలెంట్, ఫిల్టర్లు, మెంబ్రేన్లు, కరెంటు, ఆపరేటర్ జీతం, వీటి పేర్లు విడివిడిగా ఉండాలి. నిర్వహణ అని ఒక్క మాట రాసి సరిపెట్టకూడదు. మూడు నెలలకొకసారి ఫ్లోరైడ్ పరీక్ష, రిపోర్టు గోడ మీద. ప్లాంటు 24 గంటలకు మించి ఆగితే ఊళ్ళోకి ట్యాంకరు. కాయిన్ డబ్బుల లెక్క గ్రామసభలో. రిజెక్టు నీళ్ళు ట్యాంకరుకు. ప్లాంటు పంచాయతీకి అప్పజెప్పాలంటే గ్రామసభ తీర్మానం ఉండాలి, ఖర్చుకు డీఎంఎఫ్ నుంచి ఏటా డబ్బు వచ్చే ఏర్పాటుతో సహా.

ఇవన్నీ ఒప్పుకుంటారా అంటే, అన్నీ ఒప్పుకోకపోవచ్చు. కంపెనీవాళ్ళతో మాట్లాడినప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, వాళ్ళకూ ఇది పెద్ద ఖర్చు కాదు, కానీ కాలపరిమితి లేని మాట ఇవ్వాలంటే భయం, రేపు ఇంకో పది ఊళ్ళు అడుగుతాయని. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే ఐదేళ్ళకు రాయండి, ఐదేళ్ళకొకసారి కూర్చుని మాట్లాడుకుందాం. తేదీ ఉండాలి, బాధ్యుడి హోదా ఉండాలి, ఫోన్ ఎత్తకపోతే పై మనిషి ఎవరో ఉండాలి. అధికారులు కూడా ఒక మెట్టు దిగాలి. వేదిక మీద కలెక్టర్ గారి స్థాయివాళ్ళు "ఇది ఎన్నేళ్ళకు?" అని ఒక్క ప్రశ్న అడిగితే కంపెనీ జవాబు చెప్పి తీరుతుంది, మేం ఇరవై మంది అరిచినా రాని జవాబు అది.

రేటింగ్ విడమర్చి రాస్తున్నా. నీళ్ళకు నాలుగు, ల్యాబ్ రిపోర్టు పెట్టిన రోజు ఐదు చేస్తా. ఆపరేటర్‌కు ఐదు, జీతం రెండు నెలలు లేటైనా పొద్దున ఆరుకు తాళం తీశాడు. శుభ్రతకు రెండున్నర. రిజెక్టు గుంటకు సున్నా. ఒప్పందానికి ఒకటి, అది కూడా ఆ ఒక్క వాక్యమైనా మినిట్స్‌లో ఉంది కాబట్టే.

ఆ దారిన పోయే లారీ డ్రైవర్లు కూడా అక్కడ ఆపి క్యాన్లు నింపుకుంటుంటారు, వాళ్ళకోసం: పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 7. కరెంటు పోతే ట్యాంకులో ఉన్నంతవరకే. 5 రూపాయల నాణేలు తెచ్చుకోండి, పాత అరిగిన నాణెం మిషన్ తీసుకోదు. మధ్యాహ్నం వచ్చి తాళం చూసి హారన్ కొట్టొద్దు, తమ్ముడు ఆ టైములో అన్నం తింటుంటాడు.